ఉతుకుడు వంతు

పోలీసులు అజ్జును తీసుకుపోయారన్న వార్త బండల పాలిషింగ్ యూనిట్‌లోకి వచ్చేసరికి మల్లికార్జున్ చేతిలో రెండడుగుల నీలం బండ ఉంది. సినిమాలో అయితే ఆ బండ జారిపడి ముక్కలయ్యేది. మల్లి మాత్రం దాన్ని అంచు చెక్కుకుపోకుండా మెల్లగా దించి, గోడకు ఆనించి, షెడ్డు వెనక్కి పోయి పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు.

"ఏమాయెరా?" అని మిషను దగ్గరి ధనరాజ్ అరిచాడు. ధనరాజ్ వాళ్ళ టీం గోల్‌కీపర్. ఎవరికేమైనా ముందు అరవడం అతని పని.

"ఎండ దెబ్బ" అన్నాడు మల్లి. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు పడుతోంది.

అజ్జు అంటే అజహరుద్దీన్. తాండూరు న్యూస్టార్ ఫుట్‌బాల్ క్లబ్బులో పదో నంబరు. క్లబ్బు పేరు బ్యానర్ల మీదే, ఊరంతా పిలిచేది మాత్రం బండలోళ్ళ టీం అని. ఆడేవాళ్ళంతా బండలు కోసేవాళ్ళో, పాలిష్ పట్టేవాళ్ళో, లారీలకు ఎత్తేవాళ్ళో. ఆ టీం పది గోల్స్ కొడితే అందులో ఎనిమిది అజ్జువి. అతనికి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, కాగితం కూడా చేతికందింది. వచ్చే నెల పోలీసు వెరిఫికేషన్ అయిపోతే చేరిపోవడమే. ఇక ఆదివారం వికారాబాద్‌లో జిల్లా ఫైనల్, పరిగి టీంతో. సరిగ్గా అప్పుడే అతని మెడకు కేసు చుట్టుకుంది.

జరిగింది ఇది. మంగళవారం చీకటి పడే వేళ మార్కెట్ యార్డు మలుపులో ఒక బైకు లక్ష్మమ్మ అనే పెద్దామెను గుద్దింది. ఆమె యార్డులో బస్తాల కింద రాలిన కందులు ఊడ్చి, చెరిగి అమ్ముకునే మనిషి. తుంటి ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది, సోయి లేదు. వికారాబాద్ ఆసుపత్రికి తరలించారు. బైకువాడు పది గజాల అవతల ఆగాడు, వెనక్కి తిరిగి చూశాడు, పోయాడు. ఇదంతా ఒక ఎరువుల దుకాణం కెమెరాలో పడింది. బండి నంబరు కనబడలేదు. తాండూరులో ఏ బండి నంబరు కనబడుతుంది గనుక? బండల దుమ్ము మీద నాలుగు చినుకులు పడితే నంబరు ప్లేట్లన్నీ సున్నం కొట్టినట్టవుతాయి. మొహం మసకగా ఉంది. కానీ వీపు మాత్రం అద్దంలో చూసినంత స్పష్టం. ఎర్ర షర్టు, మీద పది, దాని పైన అజ్జు పేరు.

ఆ షర్టు లోపలున్నది మల్లికార్జున్.

ఎలాగంటే, దానికి వాళ్ళ కోచ్ దేవప్ప సారు పెట్టిన నియమం ఒకటి చెప్పాలి. సారు బడిలో ఆటల మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆట అయిపోయాక షర్టులన్నీ ఒకే సంచిలో వేయాలి, వారానికొకడు ఆ సంచి ఇంటికి తీసుకుపోయి అన్నీ ఉతకాలి. "ఒకని చెమట ఇంకొకడు ఉతుకాలె. అప్పుడే టీం అయితది" అనేవాడు. ఎవరి వంతు ఎప్పుడో గ్రౌండు పక్కన గది గోడ మీద బండలకు గుర్తులు పెట్టే ఎర్ర సుద్దతో రాసి ఉంటుంది. వంతు మార్చుకోవడం కుదరదు. మార్చుకుంటే నెలంతా గ్రౌండు చదును చేసే రోలరు లాగాల్సిందే.

ఆ వారం వంతు అజ్జుది. సోమవారం ప్రాక్టీసు అయ్యాక అందరూ పోయారు. అజ్జు సంచి తెచ్చి మల్లి ముందు పెట్టాడు. "మల్లీ, అమ్మీకి జ్వరం యార్. ఇంట్ల నీళ్ళు దెచ్చేటోళ్ళే లేరు. గీ వారం నువ్వు ఉతుకు, నీ వారం నేను ఉతుకుత. సారుకు చెప్పకు."

"గీంత దానికి చెప్పుడేంది, తే" అన్నాడు మల్లి.

మల్లి నాలుగో నంబరు, వెనకాల ఆడేవాడు. మూడేళ్ళలో ఒక్క గోలూ కొట్టలేదు. అడ్డం పడడమే అతని ఆట. మంగళవారం పొద్దున షర్టులన్నీ ఉతికి ఆరేసి, సాయంత్రం పదో నంబరు ఆరగానే ఊరికే ఒంటికి పెట్టి చూసుకున్నాడు. పెట్టి చూసుకున్నవాడు తొడుక్కున్నాడు. తొడుక్కున్నవాడు ఇంట్లో ఊరుకున్నాడా, బండి తీసి మార్కెట్ వైపు ఒక రౌండు వేశాడు. టీ కొట్టు దగ్గర ఇద్దరు పిల్లలు వీపు చూసి "అజ్జు భాయ్!" అని కేక వేశారు. ఆ కేకకు మల్లి ఛాతీ ఇంతై, కళ్ళు నెత్తికెక్కి, మలుపులో మనిషి కనబడలేదు. బండి గుద్దుకుని పక్కకు ఒరిగింది. మోచెయ్యి గీరుకుపోయింది. లేపి స్టార్ట్ చేసి పది గజాలు పోయి ఆగాడు. వెనక్కి చూస్తే రోడ్డంతా కందులు, మధ్యలో ముసలామె. అప్పుడు పట్టుకుంది భయం. ఆ భయం బండి నడిపింది, అతను కాదు. కనీసం అతను తనకు తాను అలాగే చెప్పుకుంటున్నాడు.

బుధవారం సాయంత్రం అందరూ గ్రౌండులో కూడారు. దేవప్ప సారు గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొహం ఒక్కరోజులో పీక్కుపోయింది.

"కానిస్టేబుల్ చంద్రకాంత్ వచ్చిండు. షర్టులు ఎవని దగ్గర ఉంటయి సార్ అన్నడు. నేను అబద్ధం ఆడలే. గోడ జూపించిన" అన్నాడు. గోడ మీద ఎర్ర సుద్దతో అజహరుద్దీన్ అని ఉంది. "నా గోడే నా పిల్లగాన్ని పట్టిచ్చింది."

అప్పుడే అజ్జు వచ్చాడు. నోటీసు ఇచ్చి పంపారట, పిలిచినప్పుడల్లా రావాలట, సోమవారం షర్టు తెచ్చి అప్పగించాలట. అందరూ అతని చుట్టూ మూగారు. మల్లి వెనక నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మోచేతి మీదికి పోతుంటే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేం జెప్పినవ్ రా?" అన్నాడు సారు.

"షర్టు నాదే సార్, మనిషిని నేను గాదు అన్న."

"మరెవడు అని అడగలేదా?"

"అడిగిండ్రు. నాకు ఎరుకలేదన్న."

ఎరుక లేకపోవడమేమిటి? సంచి ఎవరి చేతికిచ్చాడో ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, వాళ్ళిద్దరూ ఈ గ్రౌండులోనే ఉన్నారు. ఇప్పుడు చెప్తాడు, ఇదిగో ఇప్పుడు ఇటు తిరుగుతాడు అని మల్లి ఎదురుచూశాడు. అజ్జు తిరగలేదు. బూట్లు వేసుకుని ప్రాక్టీసుకు పోయాడు. తిరిగి వేలు చూపిస్తే అయినా బాగుండేది. చూపించకపోవడంతో మల్లికి ఇంకా భయమేసింది.

గురువారం బండి కడుగుతుంటే మడ్‌గార్డు లోపల ఎండిన తెల్ల బురదలో ఏదో గట్టిగా తగిలింది. గీకితే కందిగింజ. ఇంకొంచెం గీకితే ఇంకొకటి. ఏడు గింజలు రాలాయి. మల్లి వాటిని మోరీ కాలువలో వేయబోయి, ఎవరైనా చూస్తారేమోనని జేబులో వేసుకున్నాడు. తరువాత జేబులో ఉంటే ఇంకా ప్రమాదమని తోచింది, అయినా పారేయడానికీ భయమేసింది. నిజానికి తాండూరులో జేబులో కందులు దొరికితే ఎవడూ అనుమానించడు, ఊరు ఊరంతా కందుల మీదే బతుకుతుంది. ఆ సంగతి మల్లికి తెలియక కాదు. భయానికి బుద్ధి ఉంటే ఇంకేం?

మోచేతి పుండును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ ఆడేవాడికి పుండు లేకపోతేనే అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించి తిరిగాడు. రోజుకు నాలుగుసార్లు ధనరాజ్‌ను అడిగేవాడు, లక్ష్మమ్మ ఎలా ఉందట అని. ధనరాజ్‌కు ఆసుపత్రిలో ఎవరో బావమరిది ఉన్నాడు.

"ఇంక సోయి రాలేదంట. పోతే మాత్రం సెక్షనే మారుతదంట. అజ్జుగాని నౌకరి గంగల గలిసినట్టే" అన్నాడు ధనరాజ్. "అయినా నువ్వెందుకు గంత పరేషాన్ అయితున్నవ్?"

"టీం గదరా" అన్నాడు మల్లి.

శనివారం పొద్దున సంచి ఇవ్వడానికి మల్లి అజ్జు ఇంటికి పోయాడు, అజ్జు పనిలో ఉంటాడని చూసుకుని మరీ పోయాడు. పదో నంబరు మోచేతి దగ్గర చినిగింది. మల్లి దాన్ని మడత పెట్టి అన్నింటికన్నా అడుగున దాచాడు. అజ్జు వాళ్ళమ్మ అలీమాబీ మంచం మీద లేచి కూర్చుంది. జ్వరం తగ్గినా గొంతు బొంగురుపోయింది.

"ఆ, మల్లీ, రా బేటా. చాయ్ తాగు."

"వద్దు ఖాలా, పని ఉన్నది."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. సరిగ్గా పుండున్న ఆ చెయ్యే. "మంగళవారం నా కొడుకు గీ మంచం పట్టె మీదనే కూసున్నడు బేటా. తడిగుడ్డ ఏస్కుంట కూసున్నడు. అల్లా కసమ్. తల్లి మాట పోలీసోళ్ళు ఇంటరా? నువ్వు జర చెప్పు. ఆ రోజు నువ్వు ఇంటికి వచ్చినవు, ఆన్ని చూసినవు అని చెప్పు. దోస్తు మాటయితే ఇంటరు."

మల్లి ఆమె మొహం చూడలేకపోయాడు. అబద్ధం చెప్పమని బతిమాలుతోంది, నిజం తన చేతిలో పట్టుకుని. "చెప్త ఖాలా" అన్నాడు. గల్లీ దాటాక ఒక అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. అతనికి తన మీద తనకే రోత పుట్టింది, అయినా లేచి పోలీస్ స్టేషన్ వైపు కాకుండా ఇంటి వైపే నడిచాడు.

ఆదివారం పొద్దున వికారాబాద్ బస్సులో అందరూ ఎక్కారు. పదకొండు మందే. మిగతా ముగ్గురిని కేసు సంగతి విన్న ఇంటివాళ్ళు పంపలేదు. ధారూరు దాటి అనంతగిరి మలుపులు ఎక్కుతుంటే సారు సంచి విప్పి ఎవరి షర్టు వాళ్ళకు ఇచ్చాడు. అజ్జు తన షర్టు విదిలించి చూసుకున్నాడు. మోచేతి చినుగు దగ్గర అతని వేళ్ళు ఆగాయి.

"చినిగింది" అన్నాడు, మెల్లగా, పక్కన కూర్చున్న మల్లికి మాత్రమే వినబడేలా.

"ఊ."

అజ్జు ఇంకేమన్నా అంటాడేమోనని మల్లి ఒక కొండ మలుపంతా కాచుకున్నాడు. అజ్జు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

గ్రౌండులో పరిగి కుర్రాళ్ళ వెంట వచ్చిన గుంపు ముందే తయారుగా ఉంది. అజ్జు బాలు ముట్టుకుంటే చాలు, "హారన్ కొట్టు భాయ్!", "ముసలోళ్ళున్నరు, జర చూస్కోని పో!" అని కేకలు. ఎప్పుడూ నలుగురిని దాటుకుని పోయే అజ్జు ఇద్దరి దగ్గరే ఆగిపోయాడు. ఖాళీ గోల్ ముందు బాలును పైకి తన్నాడు. గుంపు గొల్లున నవ్వింది. పరిగి ఒక గోల్ కొట్టింది. హాఫ్ టైం విజిల్ పడింది.

గోడ నీడన కూర్చుని నీళ్ళు తాగుతుండగా దేవప్ప సారు ఫోను మోగింది. ఆయన లేచి అవతలికి పోయి మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ ఒక్కసారీ ఇటు చూడలేదు. ఆమె పోయింది, అనుకున్నాడు మల్లి. అయిపోయింది.

సారు వచ్చి అజ్జు ముందు గొంతుక్కూచున్నాడు. "చంద్రకాంత్ చేసిండు. పెద్దమ్మకు సోయి వచ్చిందంట."

బతికింది, అనుకున్నాడు మల్లి. కానీ సారు మాట ఇంకా పూర్తి కాలేదు.

"ఎనక్కి తిరిగి చూసిండు, వీపు మీద పది ఉండె అని చెప్తున్నదంట. ఆట కాంగనే నిన్ను గా షర్టుతోటే హాస్పిటల్‌కు తీస్కరమ్మన్నడు. ఆమె ముందల నిలబెడతరంట."

అజ్జు చేతిలో నీళ్ళ ప్యాకెట్ నోటి దాకా ఎత్తాడు. చెయ్యి ఎంత వణికిందంటే నీళ్ళు నోట్లోకి పోలేదు, గడ్డం మీదుగా ఒళ్ళో పడ్డాయి. ప్యాకెట్ రెండో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ చెయ్యీ వణికింది.

అయిదు రోజులుగా భయమంతా తన ఒక్కడి సొత్తే అనుకున్నాడు మల్లి. గోల్ ముందు ఎవడొచ్చినా జంకని అజ్జు, తనను ఏనాడూ అదరనివ్వని అజ్జు, నోట్లో నీళ్ళు పోసుకోలేకపోతున్నాడు. ఆ పెద్దామె మసక చూపుతో, నొప్పితో, ఎర్ర షర్టు మీద పది చూసి వీడే అంటుంది. అంటే అంతే. ఇక మార్చేవాడుండడు.

"సార్" అన్నాడు మల్లి. "అజ్జు గాదు సార్. నేను."

ఎవరికీ అర్థం కాలేదు. ధనరాజ్ అయితే నవ్వబోయాడు.

"సంచి నా దగ్గరుండె. వంతు మార్చుకున్నం, మీకు చెప్పలే. షర్టు నేను ఏస్కున్న. ముసలమ్మను గుద్దింది నేను. ఎనక్కి చూసింది నేను, ఉర్కింది నేను." మోచేతి పుండు చూపించాడు. "ఇగో."

ధనరాజ్ లేచి వచ్చి మల్లి చెంప మీద ఒక్కటి పీకాడు, పీకి తనే ఏడుపు మొహం పెట్టాడు. సారు ధనరాజ్‌ను పక్కకు లాగాడు.

మల్లి అజ్జు వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదురా?"

"నువ్వు చెప్తవని" అన్నాడు అజ్జు. "మొదటి రోజు పొద్దుగూకే లోపల చెప్తవనుకున్న. తెల్లారి చెప్తవనుకున్న. నా నోటితోని నీ పేరు చెప్తే ఇంక మనం ఎట్ల ఆడుతం యార్? గానీ నిన్న నువ్వు అమ్మీ దగ్గరికి పోయి గూడ చెప్పకుంట వచ్చినవని ఎరుకైనంక..." అతని మాట ఆగింది. "నువ్వు చెప్పనే చెప్పవేమో అని మస్తు భయమైంది మల్లీ. కేసు కన్న అదే ఎక్కువైంది."

మల్లి తల దించుకున్నాడు. ఆ మాట ముందు ధనరాజ్ కొట్టిన దెబ్బ చాలా తక్కువనిపించింది.

రెండో సగానికి విజిల్ వేశారు. దేవప్ప సారు గడ్డం నిమురుకున్నాడు. "మనకు పదకొండు మందే ఉన్నరు. ఆట అయినంక అందరం కలిసి పోదాం. నేను గూడ వస్త."

"వద్దు సార్" అన్నాడు మల్లి. "ఆట అయ్యేదాంక ఆగితే నాకు మళ్ళ భయమైతది. ఇప్పుడే పోత."

సారు అతన్ని కొంచెంసేపు చూశాడు. తరువాత జేబులోంచి ఫోను తీసి చంద్రకాంత్‌కు చేసి, "పిల్లగాడొకడు వస్తున్నడు" అని మాత్రం చెప్పాడు.

అజ్జు తన షర్టు విప్పి మల్లి చేతిలో పెట్టాడు. "పోలీసోళ్ళు గిదే అడుగుతరు. నీది ఇటియ్యి." మల్లి నాలుగో నంబరు విప్పి ఇచ్చాడు. అది అజ్జుకు కాస్త బిగుతైంది. అలాగే లోపలికి పరిగెత్తాడు. పది మంది ఆడడానికి దిగారు.

మల్లి నిక్కరు మీదనే తన ప్యాంటు ఎక్కించుకుని, బనీను మీద పదో నంబరు తొడుక్కుని గేటు దాటాడు. ఆసుపత్రి అర కిలోమీటరు. నడుస్తుంటే వెనక గ్రౌండులోంచి పెద్ద కేక లేచింది. గోలే. ఎవరు కొట్టారో తెలియలేదు. తిరిగి చూడాలనిపించింది. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని చూడలేదు. ఆసుపత్రి మెట్లు ఎక్కాడు.

వార్డు ముందు కానిస్టేబుల్ చంద్రకాంత్ కుర్చీలో కూర్చున్నాడు. షర్టు చూసి లేచాడు. "అజహరుద్దీన్ ఏడి?"

"రాలేదు సార్. షర్టు ఆనిది. మనిషిని నేను."

చంద్రకాంత్ అతని మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా తలుపు తెరిచాడు.

లక్ష్మమ్మ తలకు కట్టు ఉంది. మనిషి మంచంలో సగం కూడా లేదు. మల్లి మొదట వీపు తిప్పి నిలబడ్డాడు, పది కనబడాలని. తరువాత మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు, ఆ రోజు చూసినట్టే. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. అరుస్తుంది, శాపం పెడుతుంది అనుకున్నాడు, అందుకు సిద్ధంగానే వచ్చాడు.

"నువ్వే" అంది. గొంతులో కోపానికి కూడా సత్తువ లేదు. "ఆగినవు గద కొడుకా. తిరిగి గూడ చూసినవు. నీకు కనబడ్డ, నన్ను లేపుతవనుకున్న. చెయ్యి గూడ ఎత్తిన."

ఆ చెయ్యి మల్లి చూశాడు. మంగళవారం నాడే చూశాడు. అయిదు రోజులుగా రోడ్డునూ కందులనూ గుర్తు చేసుకుంటూ, ఆ ఎత్తిన చేతిని మాత్రం గుర్తుకు రాకుండా అణిచిపెట్టాడు. అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ప్యాంటు జేబులో కందిగింజలు తొడకు గుచ్చుకున్నాయి. చంద్రకాంత్ కాగితాలు తీసి, పేరు చెప్పమన్నాడు.